దగ్గర డిపో ఏది? కంప్యూటరు సరుకు తెచ్చుకునే దారి

విజ్ఞాన శీర్షిక
రాసింది: 9వ తరగతి విద్యార్థిని, చోడవరం

ఈ నెల గోడపత్రికలో విజ్ఞాన శీర్షిక నా వంతు వచ్చింది. గుండె గురించో చంద్రుడి గురించో రాద్దామనుకున్నాను. అవి మన పుస్తకాల్లో ఉన్నాయి గదా. అందుకని మన కంప్యూటరు గదిలో జరిగిన ఒక సంగతి గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగే. కానీ నిలబడి ఓపిగ్గా చదవండి. అర్థం కాని చోట నన్ను అడగండి.

పాఠం ఎలా మొదలైంది

పోయిన నెల మన కంప్యూటర్లలో ఉన్న ఉబుంటు లినక్సుకి కొత్త సాఫ్ట్‌వేరు దించాలని మేడం మొదలెట్టారు. దించడం అంటే డౌన్‌లోడ్. మొదటిరోజు సాయంత్రం స్టడీ అవర్లో పెట్టారు. భోజనాల గంట కొట్టేసరికి సగం అయింది. తర్వాత ఆగిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు మేం అందరం తెర ముందు కూర్చుని ఆ గీత కదులుతుందా అని చూస్తున్నాం. కదల్లేదు.

అప్పుడు మేడం ఒక జాబితా తెరిచారు. అందులో దేశాల పేర్లు, ప్రతి దేశం కింద సర్వర్ల పేర్లు ఉన్నాయి. ముందు మన దేశం కింద ఉన్న ఒక పేరు ఎంచుకున్నారు. "ఫైలు దొరకలేదు" అని వచ్చింది. నేను "మన దేశంలోదే గదా మేడం, ఎందుకు లేదు?" అన్నాను. మేడం నవ్వి, అక్కడే ఉన్న "బెస్ట్ సర్వర్ ఎంచు" అనే మీట నొక్కారు. కంప్యూటరు ఒక్కొక్క సర్వరునీ పిలిచి, ఎవరు ముందు పలికారో చూసింది. చివరికి వేరే పేరు ఒకటి చూపించింది. దాన్ని పెడితే స్టడీ అవర్ అవకముందే మొత్తం దిగిపోయింది.

మేడం నన్ను అడిగారు. "మీ ఇంటికి కోటా బియ్యం ఎక్కడ తెచ్చుకుంటారమ్మా?"

"డిపోలో మేడం."

"ఆ బియ్యం డిపోలో పండాయా?"

"లేదు మేడం. గోడౌన్ నుంచి లారీలో వస్తాయి."

"మరి మీ అమ్మ గోడౌన్‌కే ఎందుకు వెళ్లదు?"

"అంత దూరం ఎలా వెళ్తుంది మేడం?"

"అంతే. ఇదీ అంతే" అన్నారు. నాకు అక్కడి నుంచి పాఠం మొదలైంది. తర్వాత నేను మేడం దగ్గర అడిగి తెలుసుకున్నవి, లైబ్రరీలో చదివినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మిర్రర్ అంటే ఏమిటి?

మిర్రర్ అంటే అద్దం. అద్దంలో మన ముఖం ఎలా ఉందో అలాగే కనబడుతుంది గదా. అలాగే ఒక అసలు సర్వర్లో ఉన్న ఫైళ్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా ఇంకో చోట ఇంకో సర్వర్లో పెడితే, ఆ రెండో దాన్ని మిర్రర్ సర్వర్ అంటారు. మన భాషలో చెప్పాలంటే అసలు సర్వర్ గోడౌన్, మిర్రర్ డిపో.

ఇది ఎందుకు వచ్చిందంటే, లినక్సు లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుకి దుకాణం లేదు. లినస్ టోర్వాల్డ్స్ అనే ఆయన ఫిన్లాండులో చదువుకుంటూ 1991లో లినక్సు మొదలెట్టాడు. 1993లో ఇయాన్ మర్డాక్ అనే ఆయన డెబియన్ మొదలెట్టాడు. 2004లో డెబియన్ ఆధారంగా ఉబుంటు వచ్చింది. వీటిని ప్రపంచంలో ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. అందరూ ఒకే సర్వరు మీద పడితే అది పండగ ముందురోజు సంతలా ఉంటుంది. ఎవరికీ ఏమీ అందదు. అందుకని విశ్వవిద్యాలయాలు, కంపెనీలు తమ దగ్గర చోటిచ్చి మిర్రర్లు పెట్టాయి. మన దేశంలో కాన్పూరు ఐఐటీ, మద్రాసు ఐఐటీ కూడా ఇలా మిర్రర్లు పెట్టాయి.

మన దేశంలో మామూలు ప్రజలకి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ రోజుల్లో సముద్రం దాటే లైన్లు చాలా సన్నం, ఖరీదు కూడా ఎక్కువ. ఒకే ఫైలుని వందమంది వందసార్లు సముద్రం దాటించి తెచ్చుకునే బదులు, ఒక్కసారి తెచ్చి ఇక్కడ పెట్టుకుంటే మేలు అన్నది మిర్రర్ వెనక ఉన్న ఆలోచన. డిపోకి లారీ ఒక్కసారి వస్తుంది, ఊరంతా అక్కడి నుంచే తెచ్చుకుంటుంది.

దూరమైతే ఏం నష్టం?

"కంప్యూటర్లో కరెంటు వేగంతో పోతుంది గదా, దూరమైతే ఏటి?" అని నా పక్క బెంచీ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. లెక్క చేసి చూద్దాం.

వెలుగు ఖాళీలో సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది అని మనం సైన్సులో చదివాం. కానీ ఇంటర్నెట్ పోయేది గాజు తీగలో. గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది.

విశాఖపట్నం నుంచి చెన్నై రోడ్డు మీద సుమారు 800 కిలోమీటర్లు. తీగ కూడా అంతే అనుకుందాం. పోయిరావడం 1,600 కిలోమీటర్లు. 1,600ని 2,00,000తో భాగిస్తే 0.008 సెకను.

విశాఖపట్నం నుంచి అమెరికా పడమటి తీరం సుమారు 13,000 కిలోమీటర్లు. పోయిరావడం 26,000. భాగిస్తే 0.13 సెకను.

ఇది తిన్నగా పోతేనే. నిజంగా తీగ వంకర్లు తిరుగుతుంది, మధ్యలో యంత్రాల దగ్గర ఆగుతుంది. అందుకని అంత దూరానికి పావు సెకను పట్టడం మామూలే.

పావు సెకను అంటే కన్ను మూసి తెరిచేంత సేపు. మరి నష్టం ఎక్కడ? నష్టం ఏమిటంటే ఫైలు ఒక్కసారే రాదు. కావిడి మీద ధాన్యం మోసినట్టు కొంచెం కొంచెం వస్తుంది. సర్వర్ కొంత పంపుతుంది. మన కంప్యూటరు "ముట్టింది" అని కబురు పెడుతుంది. ఆ కబురు అందాకే మళ్లీ పంపుతుంది. పాత పద్ధతిలో కబురు లేకుండా పంపగలిగే బరువు ఎక్కువలో ఎక్కువ 64 కేబీ.

ఇప్పుడు ఒక సీడీలో పట్టేంత ఫైలు తీసుకుందాం. 700 ఎంబీ. అంటే 7,16,800 కేబీ.

దూరపు సర్వర్: ఒక విడతకి పావు సెకను. సెకనుకి 4 విడతలు. 4 × 64 = 256 కేబీ. మొత్తానికి 2,800 సెకన్లు. అంటే 46 నిమిషాల 40 సెకన్లు.

దగ్గర సర్వర్: ఒక విడతకి సెకనులో 50వ వంతు అనుకుందాం. సెకనుకి 50 విడతలు. 50 × 64 = 3,200 కేబీ. మొత్తానికి 224 సెకన్లు. అంటే 3 నిమిషాల 44 సెకన్లు.

ఫైలు అదే, మన కంప్యూటరు అదే. మారింది దారి ఒక్కటే.

ఇక్కడ రెండు సంగతులు కూడా చెప్పాలి. మొదటిది, ఇప్పటి కంప్యూటర్లు 64 కేబీ కంటే చాలా ఎక్కువ ఒక్కసారి పంపగలవు. కాబట్టి తేడా ఇంత ఘోరంగా ఉండదు. కానీ పొడుగు దారిలో మధ్యలో కొన్ని ముక్కలు పోతుంటాయి, పోయినవి మళ్లీ పంపాలి, పంపే వేగం కూడా తగ్గిపోతుంది. రెండోది, మన బడికి వచ్చే లైనే సన్నమైతే, సర్వర్ పక్కింట్లో ఉన్నా ఉపయోగం లేదు. డిపో దగ్గరే ఉన్నా మన సంచి చిన్నదైతే ఎంత తెస్తాం?

దారి చూపేది ఎవరు?

మిర్రర్లు పెడితే సరిపోదు. ఎవరు ఏ మిర్రర్‌కి వెళ్లాలో ఎవరో ఒకరు చెప్పాలి. దీనికి నాలుగు పద్ధతులు ఉన్నాయి.

1. మనమే ఎంచుకోవడం. జాబితా చూసి మనకి దగ్గర అనిపించింది ఎంచుకుంటాం. మేడం మొదట చేసింది ఇదే. పాత పద్ధతి ఇదే.

2. పేరు అడిగినప్పుడే దారి మార్చడం. కంప్యూటర్లకి పేర్లు అర్థం కావు, నంబర్లు కావాలి. పేరు చెబితే నంబరు చెప్పే ఏర్పాటుని డీఎన్‌ఎస్ అంటారు. ఒకే పేరుకి అమెరికా వాళ్లు అడిగితే ఒక నంబరు, మనం అడిగితే ఇంకో నంబరు చెప్పొచ్చు. దీనికి మంచి ఉదాహరణ తెలుగు వికీపీడియా. అది 2003 డిసెంబరులో మొదలైంది. వికీపీడియా అసలు సర్వర్లు అమెరికాలో వర్జీనియా, టెక్సాస్ రాష్ట్రాల్లో ఉన్నాయి. 2018లో ఆసియా వాళ్ల కోసం సింగపూరులో ఒక కేంద్రం తెరిచారు. అది పూర్తి మిర్రర్ కాదు, జనం అడిగిన పేజీల నకళ్లు దాచుకుని ఇచ్చే చోటు. చోడవరంలో కూర్చుని అల్లూరి సీతారామరాజు గురించి తెలుగులో చదివితే, ఆ పేజీ మామూలుగా అమెరికా నుంచి కాకుండా సింగపూరు నుంచి వస్తుంది. మనకి మాత్రం ఆ సంగతి తెలీదు.

3. అసలు సర్వర్ దగ్గరికి వెళ్తే అదే దారి చెప్పడం. మనం "ఈ ఫైలు కావాలి" అని అడుగుతాం. అది ఫైలు ఇవ్వదు. "302" అనే అంకె వేసి "ఫలానా చోట ఉంది, అక్కడికి వెళ్లు" అని చిన్న జవాబు ఇస్తుంది. మన కంప్యూటరు వెంటనే అక్కడికి వెళ్తుంది. 302 అంటే ప్రస్తుతానికి అక్కడ ఉంది అని అర్థం. అదే 301 అయితే శాశ్వతంగా అక్కడికి మారిపోయింది అని అర్థం. మిర్రర్‌ని చూపించేటప్పుడు 302 ఎందుకు వాడతారో మీరే ఆలోచించండి. రేపు ఆ మిర్రర్ మూతపడితే వేరే దానికి పంపాలి గదా.

ఓపెన్‌సూసే అనే లినక్సు వాళ్ల కోసం మిర్రర్‌బ్రెయిన్ అనే దారి చూపే సాఫ్ట్‌వేరు చేశారు. అది చూసే వరస నాకు చాలా నచ్చింది. ముందు, అడిగినవాళ్ల నంబరున్న గుంపులోనే మిర్రర్ ఉందా? లేకపోతే వాళ్ల ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్కులో ఉందా? లేకపోతే వాళ్ల దేశంలో ఉందా? లేకపోతే వాళ్ల ఖండంలో ఉందా? ఏదీ లేకపోతే ఎక్కడున్నా సరే. ఇంట్లో ఉప్పు అయిపోతే ముందు పక్కింట్లో, తర్వాత వీధిలో, తర్వాత ఊళ్లో, ఆ తర్వాతే సంతకి వెళ్తాం. ఇదీ అలాగే.

4. ఒకే నంబరుతో చాలా చోట్ల సర్వర్లు పెట్టడం. ఎవరు పిలిచినా దారుల ప్రకారం వాళ్లకి దగ్గరలో ఉన్నది పలుకుతుంది. ఇప్పుడు డెబియన్‌లో అందరికీ ఒకే పేరు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ పేరు వెనక చాలా ఊళ్లలో ఉన్న సర్వర్లు పనిచేస్తాయి. జాబితా వెతుక్కునే పని తప్పింది.

దగ్గర అంటే ఏది?

ఈ పాఠంలో ముఖ్యమైనది ఇదే. అందుకని కొంచెం మా ఇంటి సంగతి చెబుతాను.

మా ఊరు మాడుగుల దాటి, ఘాట్ ఎక్కాక లోపలికి ఉంది. మా ఊరికి రెండు డిపోలు దగ్గర. ఒకటి గెడ్డ అవతల. పటంలో గీత గీస్తే అది చాలా దగ్గర. రెండోది కొండ చుట్టూ తిరిగి వెళ్లాలి, పటంలో దూరం. మా కార్డులు గెడ్డ అవతల డిపోకి రాశారు. ఎవరు రాశారో మాకు తెలీదు. కాగితం మీద అది తప్పు కాదు. కానీ వానాకాలం గెడ్డ పొంగితే దాటలేం. ఒక ఏడాది శ్రావణంలో అమ్మ మూడుసార్లు గెడ్డ దాకా వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. అప్పుడు నేను ఐదో తరగతి. ఇంట్లో గింజలు లేక చోడి అంబలి పలచగా కాచి తాగాం. కాగితం రాసినవాళ్లు గెడ్డని చూడలేదు.

కంప్యూటర్లలోనూ ఇలాగే జరుగుతుంది. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది, పటంలో దగ్గర, తీగలో దూరం. మన దేశంలోనే ఇద్దరు వేరే వేరే కంపెనీల లైన్లు వాడుతున్నారనుకోండి. ఆ రెండు కంపెనీల లైన్లు ఇక్కడ ఎక్కడా కలవకపోతే, ఒకరి కబురు విదేశం పోయి అక్కడ కలిసి మళ్లీ రావాలి. ఒకప్పుడు మన దేశంలో ఇలా చాలా జరిగేది. అందుకే 2003లో నిక్సీ అనే జాతీయ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజిని పెట్టారు. కంపెనీల లైన్లు దేశంలోనే కలుసుకునే కూడలి అది. గెడ్డ మీద వంతెన లాంటిది. వంతెన లేనప్పుడు గెడ్డ అవతలి డిపో దగ్గర కాదు. వేసిన తర్వాతే దగ్గర.

రెండోది, పుస్తకం పాతబడటం. దారి చూపే సర్వరుకి మన ఊరు తెలీదు. మన ఐపీ నంబరు మాత్రమే తెలుసు. ఏ నంబరు ఏ దేశంలో, ఏ ఊళ్లో ఉందో రాసిన పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. ఆ పట్టిక తప్పు కావచ్చు, పాతది కావచ్చు. పాడేరులో సెల్‌ఫోన్ నుంచి అడిగితే పట్టికలో హైదరాబాదు అని ఉండొచ్చు, ఎందుకంటే ఆ కంపెనీ నంబర్లు అక్కడ రాసి ఉంటాయి. మన చోడవరం సంగతే చూడండి. 2022 ఏప్రిల్ నుంచి మనం అనకాపల్లి జిల్లా. అయినా పాత కాగితాలన్నిటిలో విశాఖపట్నం జిల్లా అనే ఉంది. కాగితం మారేసరికి టైం పడుతుంది.

మూడోది, కబురు తెచ్చినవాడి ఊరు చూడటం. డీఎన్‌ఎస్ పద్ధతిలో మనం నేరుగా అడగం. మన తరఫున ఇంకో సర్వర్ అడుగుతుంది. ఆ సర్వర్ వేరే దేశంలో ఉంటే, దారి చూపేవాళ్లు మనం కూడా అక్కడే ఉన్నామనుకుని అక్కడి మిర్రర్ చూపిస్తారు. మా ఊరి ఉత్తరం ఎవరైనా అనకాపల్లి వెళ్లి పోస్టులో వేస్తే, ముద్ర చూసి మాది అనకాపల్లి అనుకున్నట్టు. దీనికి ఒక పరిష్కారం ఉంది. అడిగే సర్వర్ మన నంబరులో కొంత భాగం కూడా కలిపి చెప్పొచ్చు. ఈ పద్ధతిని 2016లో రాతపూర్వకంగా ప్రకటించారు.

కావున దగ్గర అంటే పటంలో దగ్గర కాదు. పోయిరావడానికి తక్కువ సేపు పట్టేది దగ్గర. మేడం నొక్కిన మీట చేసింది అదే. అది దేశం పేరు చూడలేదు. ఒక్కొక్కరినీ పిలిచి, పలకడానికి ఎంతసేపు పట్టిందో కొలిచింది. గెడ్డ దాకా మనిషిని పంపి చూసినట్టు.

డిపోలో సరుకు ఉందా?

దగ్గరగా ఉంటే చాలదు. తాళం వేసి ఉన్న డిపో దగ్గరైనా ఏం లాభం? మేడం మొదట ఎంచుకున్న మిర్రర్లో ఫైలు లేదు అని చెప్పాను గదా. ఎందుకు లేదంటే, అసలు సర్వర్లో కొత్త ఫైళ్లు వస్తూ ఉంటాయి. డెబియన్‌లో అయితే రోజుకి నాలుగుసార్లు సరుకు మారుతుంది. మిర్రర్లు ఎప్పటికప్పుడు వెళ్లి తెచ్చుకోవాలి. దీనికి ఎక్కువగా ఆర్‌సింక్ అనే సాఫ్ట్‌వేరు వాడతారు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన, ఇంకొకరు కలిసి 1996లో విడుదల చేశారు. దాని తెలివి ఏమిటంటే మొత్తం ఫైళ్లు మళ్లీ తేదు. మారినవి మాత్రమే తెస్తుంది. డిపోలో ఉప్పు ఉంటే మళ్లీ ఉప్పు లారీ ఎందుకు?

ఏదో కారణం వల్ల మిర్రర్ రెండు మూడు రోజులు తెచ్చుకోకపోతే అది పాతబడిపోతుంది. అందుకని మంచి దారి చూపే సర్వర్ అప్పుడప్పుడు అన్ని మిర్రర్లనీ తనిఖీ చేస్తుంది. బతికే ఉందా, ఈ ఫైలు ఉందా, చివరిసారి ఎప్పుడు సరుకు తెచ్చుకుంది అని చూస్తుంది. లేనిదాన్ని జాబితాలోంచి తీసేస్తుంది. దారి చూపడం అంటే దూరం కొలవడం ఒక్కటే కాదు. అక్కడ సరుకు ఉందో లేదో ముందు తెలుసుకుని పంపడం. మా అమ్మని ఎవరైనా ముందే "గెడ్డ పొంగింది, వెళ్లకు" అని చెబితే మూడుసార్లు తిరిగేది కాదు.

తూకం సరిచూడటం

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మిర్రర్ నడిపేవాళ్లు వేరేవాళ్లు. అసలువాళ్లు కాదు. వాళ్లిచ్చింది అసలు సరుకే అని ఎలా నమ్మాలి?

ఇది మనకి కొత్త భయం కాదు. మా నాయనమ్మ చిన్నప్పుడు సంతలో షావుకారు చింతపండు కొనేవాడట. తూనిక రాళ్లు అతనివే, లెక్కా అతనిదే. తట్ట నిండా తీసుకెళ్తే సగానికే డబ్బులిచ్చేవాడట. నాయనమ్మకి చదువు రాదు. అడగలేదు. ఇలాంటి మోసాల నుంచి గిరిజనుల్ని కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మనం జీసీసీ అంటాం. అడవి సరుకు సరైన ధరకి కొనడం దాని పని. ఇప్పుడు ఎక్కడ తూకం వేయించినా కాటా మీద అంకె నేను చదివి అమ్మకి చెబుతాను. మా ఇంట్లో అంకె చదవగలిగిన మొదటి మనిషిని నేనే.

ఫైలుకీ కాటా ఉంది. దాన్ని చెక్‌సమ్ అంటారు. ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. 4, 7, 2, 9 అనే అంకెలు పంపాం అనుకోండి. కూడితే 22. దారిలో 7 మారి 5 అయితే కూడిక 20 వస్తుంది. మోసం దొరికిపోతుంది. కానీ 4, 7 తారుమారై 7, 4, 2, 9 అయితే? కూడిక మళ్లీ 22. దొరకదు. అందుకని స్థానంతో హెచ్చవేద్దాం.

4×1 + 7×2 + 2×3 + 9×4 = 60
7×1 + 4×2 + 2×3 + 9×4 = 57

ఇప్పుడు దొరికింది. నిజంగా వాడే లెక్క ఇంతకంటే చాలా కష్టం. దాని పేరు షా-256. ఎంత పెద్ద ఫైలుకైనా 64 గుర్తులున్న ఒక వరస వస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా వరస మొత్తం మారిపోతుంది. అసలువాళ్లు ప్రకటించిన వరస, మనం దించిన ఫైలు వరస ఒకటే అయితే సరుకు సరైనదే.

మరి ఆ వరస రాసిన పలకనే ఎవరైనా మార్చేస్తే? అదీ జరిగింది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే దాని వెబ్‌సైటులోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ దారినే మార్చేశారు. ఆ దారిన వెళ్లినవాళ్లకి దొంగలు చెడగొట్టిన లినక్సు దిగింది. సర్వర్లు ఎంత బాగున్నా దారి చూపేదే తప్పు చూపిస్తే ఏమవుతుందో చూడండి.

అందుకని వరస కింద అసలువాళ్ల సంతకం ఉండాలి. ఇది కాగితం మీద సంతకం కాదు, లెక్కతో చేసే సంతకం. సంతకం పెట్టే తాళంచెవి వాళ్ల దగ్గరే రహస్యంగా ఉంటుంది. సంతకం సరిచూసే తాళంచెవి అందరికీ ఇస్తారు. మన ఉబుంటులో అది ముందే పెట్టి ఉంటుంది. అప్‌డేట్లు దించిన ప్రతిసారీ మనకి తెలీకుండానే అది సరిచూస్తుంది. సంతకం తప్పైతే తీసుకోదు. అందుకే ఎవరో తెలియని మిర్రర్ నుంచి తెచ్చుకున్నా భయం లేదు. సరుకు దగ్గర నుంచి, సంతకం అసలు చోటు నుంచి.

మేం చేసిన పని

తర్వాతి ఆదివారం మేడం మాకు ఒక పని ఇచ్చారు. లిబ్రే ఆఫీసు ఫైలు దించి దాని వరస సరిచూడమన్నారు. ఆ ఫైలు కూడా మిర్రర్ల నుంచే వస్తుంది. నేను తెర మీద వరస పైకి చదివాను. నా స్నేహితురాలు నోటుబుక్కులో రాసుకున్న వరస మీద టిక్కు పెట్టింది. 41వ గుర్తు దగ్గర తేడా వచ్చింది. ఇద్దరికీ భయమేసింది. మళ్లీ చూస్తే ఆమె 6ని 0గా రాసుకుంది. ఫైలు మంచిదే. మేడం మాత్రం "తప్పు ఎవరిదైనా సరే, సరిచూశారు గదా, అది చాలు" అన్నారు.

హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ లినక్సుని తెలుగులో తయారు చేసింది. ఇలాంటి పనులు తెలుగువాళ్లూ చేస్తున్నారు. మనలో కూడా ఎవరో ఒకరు చేయాలి. మన కొండల్లో దారులు తెలిసినవాళ్లం గదా. ఎక్కడ గెడ్డ ఉందో, ఎక్కడ వంతెన లేదో పటం గీసేవాళ్లకంటే మనకే బాగా తెలుసు.

గుర్తుంచుకోండి

1. మిర్రర్ అంటే అసలు సర్వర్‌కి నకలు. గోడౌన్‌కి డిపో లాగ.
2. దగ్గర అంటే తక్కువ సేపట్లో పోయివచ్చేది. పటంలో గీత కాదు.
3. దారి చూపే ముందు అక్కడ సరుకు ఉందో లేదో చూడాలి.
4. ఎక్కడి నుంచి తెచ్చుకున్నా తూకం సరిచూసుకోవాలి.

ప్రశ్నలు

1. 302కి, 301కి తేడా ఏమిటి?
2. ఒక విడతకి సెకనులో 10వ వంతు పడితే, 64 కేబీ చొప్పున 700 ఎంబీ ఫైలుకి ఎంతసేపు? (జవాబు వచ్చే నెల పత్రికలో.)
3. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి నుంచి డిపోకి రెండు గీతలు గీయండి. ఒకటి తిన్నగా, ఒకటి మీ అమ్మ నడిచే దారి. రెండూ తెచ్చి నాకు ఇవ్వండి. అన్నీ కలిపి ఒక పటం చేసి ఈ గోడ మీదే పెడదాం.